గిడుగు రామమూర్తి పంతులుగారు

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. సవర పిల్లలకు చదువందాలని తామే సవర భాష నేర్చి, వాచకాలు రచించి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. తెలుగు పిల్లల పాఠాలూ వ్యావహారికంలోనే ఉండాలని వాదించారు.

ఈ కొత్త పద్ధతిని జయంతి రామయ్య పంతులుగారి వంటి పండితులు ఎదిరించారు. వారిది అజ్ఞానం కాదు, భాష చెడిపోతుందన్న భయం. పాఠశాలల్లో వ్యావహారికానికి దొరికిన అనుమతిని ప్రభుత్వం ఉపసంహరించుకొన్నది. గిడుగువారు వెనుదీయక 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. 1940 జనవరి 22న పరమపదించారు.

నేడు పాఠ్యపుస్తకాలు ఆయన కోరిన భాషలోనే ఉన్నవి. మా వర్ధన్నపేట తరగతి గదుల్లోకి వచ్చే కొత్త యంత్రాలను మేము ఆయన గీటురాయి మీదనే పరీక్షించదలచాము: అవి పాఠాన్ని విద్యార్థి బుద్ధికి చేరువ చేయునా, లేదా?