నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్‌షా

పాఠ్యభాగ పరిచయం

మరణించిన తరువాత కూడా తన పేరు నిలిచి ఉండాలన్న కోరిక మానవుడికి అనాదిగా ఉంది. ప్రాచీన ఈజిప్టు పాలకుల పిరమిడ్లు, గోల్కొండ సుల్తానుల సమాధి మందిరాలు ఆ కోరికకు ప్రతిరూపాలు. తన సమాధిని తానే కట్టించుకొని, దానికి ముందే ప్రజల కోసం ఒక మహానగరాన్ని నిర్మించిన కవిరాజు మహమ్మద్ కులీ కుతుబ్‌షా జీవితాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నైలు నదికి పడమటి దిక్కున, గీజా ఎడారిలో సుమారు 4,500 ఏళ్ళ క్రితం ఖుఫూ అనే ఫారో తన కోసం ఒక సమాధిని కట్టించుకొన్నాడు. అదే గొప్ప పిరమిడ్. నిర్మించిన నాడు దాని ఎత్తు సుమారు 146 మీటర్లు. అందులో దాదాపు 23 లక్షల రాతి దిమ్మెలు ఉన్నాయని అంచనా. బానిసలను కొరడాలతో కొట్టి దానిని కట్టించారని లోకం చాలాకాలం నమ్మింది. అయితే 1990 నుంచి జరిగిన తవ్వకాలలో ఆ పనివారి సమాధులు, వారికి రొట్టెలు కాల్చిన వంటశాలలు బయల్పడ్డాయి. రాజు సమాధికి చేరువలోనే గౌరవంగా ఖననం పొందిన ఆ శ్రామికులు బానిసలు కారని పండితులు నిర్ణయించారు.

శరీరం చెడిపోకుండా ఉంటేనే ఆత్మకు పరలోకంలో ఆశ్రయం దొరుకుతుందని ఈజిప్షియనుల విశ్వాసం. అందుకే వారు మృతదేహాన్ని శుభ్రంగా కడిగి, మెదడును, ఊపిరితిత్తులను, కాలేయాన్ని, జీర్ణకోశాన్ని, పేగులను తొలగించేవారు. బుద్ధికి స్థానమని నమ్మిన గుండెను మాత్రం శరీరంలోనే ఉంచేవారు. నేట్రాన్ అనే సహజ లవణంలో దేహాన్ని ఎండబెట్టి, నూనెలు, బంకలు పూసి, నారబట్టల పట్టీలతో చుట్టేవారు. ఈ ప్రక్రియ అంతా సుమారు 70 రోజులు సాగేది. అలా భద్రపరచిన ఒక యువతి మమ్మీ మన హైదరాబాదులోనే ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ప్రదర్శనశాలకు చేరిన ఆ మమ్మీని పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో నేటికీ చూడవచ్చు.

ఆ దూరదేశపు ఆచారాన్ని చూసి ఆశ్చర్యపోయే మనం, మన నగరానికి పడమట గోల్కొండ కోట సమీపంలో ఉన్న సమాధుల తోటను కూడా తలచుకోవాలి. కుతుబ్‌షాహీ సుల్తానులు కూడా తమ సమాధులను తాము జీవించి ఉండగానే కట్టించుకొన్నారు. వంశ స్థాపకుడు సుల్తాన్ కులీతో మొదలైన ఈ సంప్రదాయం తరతరాలుగా సాగింది. అక్కడి సమాధులలో అత్యంత గంభీరమైనది ఆ వంశంలో అయిదవ పాలకుడైన మహమ్మద్ కులీ కుతుబ్‌షాది.

మహమ్మద్ కులీ 1565వ సంవత్సరంలో జన్మించాడు. విజయనగర సామ్రాజ్యపు వైభవాన్ని అస్తమింపజేసిన తళ్ళికోట యుద్ధం జరిగింది ఆ ఏడాదే. తండ్రి ఇబ్రహీం కులీ ఆ యుద్ధంలో విజేతల పక్షాన నిలిచినా, యౌవనంలో ప్రాణభయంతో విజయనగరాన్ని ఆశ్రయించి అక్కడ కొన్నేళ్ళు గడిపినవాడు. తెలుగు కవిత్వం మీద మక్కువ గలవాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పారసీకం, దక్కనీ, తెలుగు భాషలు కలగలిసి వినిపించే ఆ కొలువులో మహమ్మద్ కులీ బాల్యం గడిచింది.

తండ్రి మరణానంతరం 1580లో, సుమారు పదిహేనేళ్ళ వయసులో, అతడు సింహాసనాన్ని అధిష్ఠించాడు. అప్పటికే బిజాపూరుతో యుద్ధం సాగుతోంది. నల్‌దుర్గం ముట్టడి ఫలించలేదు. తరువాత ఇరు రాజ్యాల మధ్య సంధి కుదిరింది. తన సోదరిని బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షాకు ఇచ్చి వివాహం జరిపించి, మహమ్మద్ కులీ ఆ స్నేహాన్ని దృఢపరచుకొన్నాడు. దక్షిణాన పెనుకొండను ముట్టడించినా దానిని సాధించలేకపోయాడు. కత్తితో గొప్ప కీర్తి గడించిన రాజుగా చరిత్ర అతడిని స్మరించదు. అతడి ప్రతిభ మరొక రంగంలో వికసించింది.

నాటికి గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయింది. నీటి ఎద్దడి, ఇరుకు వీధులు, రోగాలు ప్రజలను పీడించాయి. ఇబ్రహీం కులీ 1578లో మూసీ నదిపై కట్టించిన వంతెన దక్షిణపు ఒడ్డుకు దారి తెరిచి ఉంచింది. అదే నేటి పురానాపూల్. ఆ ఒడ్డున ఒక కొత్త నగరాన్ని నిర్మించాలని మహమ్మద్ కులీ సంకల్పించాడు. భాగమతి అనే సుందరి పట్ల ప్రేమ ఈ సంకల్పానికి కారణమని జనశ్రుతి. చరిత్రకారులలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. ప్రజల అవసరం, రాజు అభిరుచి రెండూ కలిసి ఈ కార్యానికి ప్రేరణ ఇచ్చాయని భావించడం సమంజసం.

ఇరాన్ దేశంలోని అస్త్రాబాద్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ ఆనాడు ఆ రాజ్యానికి పీష్వా, అనగా ప్రధాన మంత్రి. విద్వాంసుడు, కవి, వాస్తువేత్త అయిన ఆ మహనీయుడు నగరానికి రూపకల్పన చేశాడు. హిజరీ శకం వేయవ సంవత్సరం, అనగా 1591వ సంవత్సరం, చార్మినార్ నిర్మాణంతో నగరానికి శ్రీకారం చుట్టారు. ఆ కట్టడాన్ని కేంద్రంగా చేసి నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గాలు వేశారు. చుట్టుపక్కల గుట్టల నుంచి నల్లరాతిని తెచ్చి, డంగు సున్నంతో అతికి, పైన గచ్చు పూసి, అందులో పువ్వులను, లతలను తీర్చిదిద్దారు. పై అంతస్తుకు చేరడానికి 149 మెట్లు, అక్కడ ప్రార్థన కోసం ఒక మసీదు అమర్చారు. చార్మినార్‌కు ఉత్తరాన చార్ కమాన్ అనే నాలుగు మహాద్వారాలు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి కొలను వెలిశాయి. బారులు తీరిన అంగళ్ళు, స్నానశాలలు, తోటలు ఆ నగరానికి శోభ కూర్చాయి.

ఆ నిర్మాణాలన్నింటిలో మానవతకు నిలువెత్తు సాక్ష్యంగా నిలిచింది దారుల్‌షిఫా. 1595లో వెలసిన ఈ రెండంతస్తుల భవనం ఒకేసారి చికిత్సాలయం, వైద్య విద్యాలయం కూడా. అక్కడ యునానీ హకీములు రోగులకు చికిత్స చేస్తూనే విద్యార్థులకు వైద్యం బోధించేవారు. రోగులకు మందు, ఆహారం ఉచితంగా లభించేవి. బాద్షాహీ అషూర్‌ఖానా, జామా మసీదు కూడా ఈ సుల్తాను కాలంలోనివే.

మహమ్మద్ కులీ కవి కూడా. ఉర్దూ భాషకు తొలిరూపమైన దక్కనీలో అతడు వేలాది పంక్తుల కవిత్వం రచించాడు. ఉర్దూలో సంపూర్ణ దివాన్, అనగా కవితా సంపుటి, గల తొలి కవిగా సాహిత్య చరిత్ర అతడిని గుర్తించింది. వసంతోత్సవం, తొలకరి వానలు, ఈద్, మొహర్రం, తన తోటలోని పండ్లు, పువ్వులు అతడికి కవితా వస్తువులయ్యాయి. పరదేశపు ఉపమానాలకు బదులు ఈ నేల మీది ఋతువులను, వేడుకలను, ఇక్కడి జీవితాన్ని అతడు గానం చేశాడు. తన నగరం ఎల్లప్పుడూ జనంతో నిండుగా ఉండాలని ఒక కవితలో భగవంతుని ప్రార్థించాడు. అతడి మరణానంతరం, 1616లో, అల్లుడు సుల్తాన్ మహమ్మద్ ఆ కవితలను ఒక సంపుటిగా కూర్చి భద్రపరిచాడు.

ఇంతటి జీవనప్రియుడు మృత్యువును విస్మరించలేదు. వంశాచారాన్ని అనుసరించి తన సమాధి మందిరాన్ని తానే నిర్మింపజేశాడు. ఎత్తయిన రెండు వేదికల మీద, 40 మీటర్లకు పైబడిన ఎత్తుతో, విశాలమైన గుమ్మటంతో అది నేటికీ చూపరులను ముగ్ధులను చేస్తుంది. నాలుగు వైపులా నల్లరాతి స్తంభాలు దానికి గాంభీర్యాన్ని ఇస్తాయి. ఒకనాడు దానిని అలంకరించిన రంగుల పలకల జాడలు అక్కడక్కడ ఇంకా కనిపిస్తాయి. పైన కనబడేది గుర్తుగా ఉంచిన శిల మాత్రమే. అసలు సమాధి వేదిక అడుగున ఉన్న నేలమాళిగలో ఉంది.

మహమ్మద్ కులీ 1612లో, ఇంకా యాభయ్యేళ్ళు నిండకుండానే, మరణించాడు. సమాధుల తోటలో ఒక స్నానశాల ఉంది. రాజకుటుంబీకుల పార్థివ దేహాలకు అంత్యస్నానం చేయించడానికి నిర్మించిన కట్టడమది. వేడినీటికి, చన్నీటికి వేర్వేరు తొట్లు, మధ్యలో పన్నెండు భుజాల రాతి అరుగు అందులో ఉన్నాయి. అంత్యస్నానం తరువాత దేహానికి తెల్లని వస్త్రం చుట్టి, ప్రార్థన జరిపి, ఆలస్యం చేయకుండా మట్టికి అప్పగించడం ఇస్లామ్ సంప్రదాయం. దేహాన్ని కడిగి, వస్త్రంలో చుట్టడం ఈజిప్టులోనూ ఉంది, ఇక్కడా ఉంది. అయితే అక్కడ శరీరాన్ని శాశ్వతంగా నిలపాలని 70 రోజులు శ్రమించారు. సమాధిలో బంగారాన్ని, భోజనాన్ని, ఆభరణాలను ఉంచారు. ఇక్కడ రాజైనా, పేదయైనా వట్టి చేతులతోనే వెళ్ళాడు. పైన గుమ్మటం ఎంత ఉన్నతమైనదైనా, కింద దేహానికి దక్కింది ఆరడుగుల నేల మాత్రమే.

సమాధిని కట్టించుకోగల రాజు, తన చితాభస్మమైనా, దేహమైనా ఎక్కడ చేరుతుందో నిర్ణయించుకోలేడు. అదే వంశపు చివరి సుల్తాను, భక్త రామదాసు కథ ద్వారా తెలుగువారికి చిరపరిచితుడైన తానీషాకు ఈ తోటలో చోటు దక్కలేదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైన తరువాత అతడు దౌలతాబాద్ కోటలో బందీగా జీవించి, అక్కడే మరణించాడు. ఖుల్దాబాద్‌లో అతడి సమాధి ఉంది. మరొక వంక, నగరానికి రూపకల్పన చేసిన మీర్ మోమిన్ పాతబస్తీలో తాను ఏర్పరచిన దాయిరా అనే శ్మశానవాటికలో, సామాన్య ప్రజల సమాధుల నడుమ నిద్రిస్తున్నాడు.

మహమ్మద్ కులీ తన నివాసానికై కట్టించుకొన్న రాజప్రాసాదాలు నేడు లేవు. యుద్ధాలు, అగ్నిప్రమాదాలు, కాలప్రవాహం వాటిని తుడిచివేశాయి. అయితే అతడు ప్రజల కోసం వేసిన రాజమార్గాలలో నేటికీ జనసందోహం కదులుతూనే ఉంది. చార్మినార్ నీడలో గాజుల దుకాణాలు, ముత్యాల అంగళ్ళు, అత్తరు వాసనలు నిత్యం కళకళలాడుతున్నాయి. రంజాన్ రాత్రులలో, బోనాల ఊరేగింపులలో, మొహర్రం పీరీల వెంట పాతబస్తీ పొంగిపొరలుతుంది. నగరం నిండుగా ఉండాలన్న ఆనాటి కవి ప్రార్థన నాలుగు శతాబ్దాలు దాటినా ఫలిస్తూనే ఉంది.

గోల్కొండ సమాధులకు 2013లో పునరుద్ధరణ పనులు ప్రారంభమయ్యాయి. ఇరవయ్యవ శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి, పాత పద్ధతిలో సున్నపు గచ్చు వేశారు. తాపీ మేస్త్రీలు పూర్వుల పనితనాన్ని తమ చేతులతో మళ్ళీ అభ్యసించారు. ఖుఫూ సమాధి పక్కన శ్రామికుల సమాధులు వెలుగు చూసినట్లే, ఈ రాళ్ళ వెనుక ఉన్న పేరు తెలియని పనివారి నైపుణ్యం కూడా మన కంటికి కనబడింది.

పిరమిడ్ ఒక మరణించిన మనిషి కోసం కట్టిన మహాద్భుతం. హైదరాబాదు జీవించే మనుషుల కోసం కట్టిన నగరం. సమాధి మందిరం రాజు దేహాన్ని దాచింది, నగరం అతడి పేరును నిలిపింది. పరుల బ్రతుకును సుఖమయం చేసే పని చేసినవారికే చిరస్మరణీయత లభిస్తుందని మహమ్మద్ కులీ కుతుబ్‌షా జీవితం మనకు బోధిస్తున్నది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాదు నగర నిర్మాణంలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా, మీర్ మోమిన్‌ల పాత్రను వివరించండి.
2. ఈజిప్షియనుల అంత్యక్రియా విధానాన్ని, కుతుబ్‌షాహీల సంప్రదాయాన్ని పోల్చి రాయండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. దారుల్‌షిఫా ప్రత్యేకత ఏమిటి?
2. మహమ్మద్ కులీ కవితా వస్తువులు ఏవి?
3. తానీషాకు సమాధుల తోటలో చోటు ఎందుకు దక్కలేదు?

కఠిన పదాలకు అర్థాలు
జనశ్రుతి : ప్రజలలో వాడుకగా ఉన్న కథ
ఎద్దడి : కొరత
పార్థివ దేహం : మృతదేహం
ప్రాసాదం : రాజభవనం
గుమ్మటం : గుండ్రని పైకప్పు