ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

పరికరము ఎంత గొప్పదైనను దానిని వాడు కన్ను అంతకంటె గొప్పది. ఈ సత్యము మాకు ఒకనాడు కురబలకోటకు చేరువనున్న హార్స్లీ కొండలపై బోధపడింది.

విద్యార్థులతో వెళ్లిన ఆ విహారయాత్రలో మా వెంట యాషికా ఎలక్ట్రో 35 అనే పాత కెమెరా ఉన్నది. 1966లో జపానులో వెలువడిన ఈ రేంజ్‌ఫైండర్ కెమెరాలో రెండు ప్రతిబింబాలను ఒకటిగా కలిపితే దూరం సరిపడుతుంది. వెలుతురును కొలిచే మీటరు అందులోనే ఇమిడి ఉండి, షట్టరు వేగాన్ని తానే నిర్ణయిస్తుంది. వెలుతురు మితిమీరితే ఎర్రదీపం, తక్కువైతే పసుపుదీపం హెచ్చరిస్తాయి. కొండపై బ్యాటరీ ఉడిగిపోయింది. అప్పుడు షట్టరు సెకనులో 500వ వంతు వేగంతో మాత్రమే పనిచేస్తుంది. వెలుతురును మనమే అంచనా వేయాలి. ఆ అంచనా మాకు చేతకాలేదు. మీటరు లేని కాలంలో ఫోటోలు ఎట్లా తీశారని ఒక విద్యార్థిని ప్రశ్నించింది. ఆమెకు సమాధానంగా మేము చెప్పిన చరిత్రయే ఇది.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపాన సర్ధానాలో జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరులో ప్రభుత్వ పనుల శాఖలో చేరాడు. 1874 ప్రాంతాన ఫోటోగ్రఫీ చేపట్టాడు. ఆనాటి తడి పలకల పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రం తీసి కడగవలసి ఉండేది. ఎంతసేపు వెలుతురు సోకనివ్వాలో చెప్పేది అనుభవమే. కట్టడాల కొలతలకు అలవడిన ఆ కన్ను వెలుగునీడల కొలతలనూ నేర్చుకొన్నది.

1886లో ఆయన సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా ఆదరించి, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదమిచ్చాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడని మన ఉర్దూ విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1892లో ఘోషా స్త్రీల కొరకు ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరదా మర్యాదకు భంగం కలుగకుండ వారి రూపాలు చిత్రాలకెక్కాయి. దర్బారుల వైభవాన్ని చూపిన కెమెరాయే కరవు సహాయక పనులలోని బీదజనాన్నీ చూపింది. ఆయన ఘనత ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయం.

1896లో బొంబాయిలోనూ స్టూడియో వెలిసింది. 1905 జూలై 5న ఆయన కన్నుమూశాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజుపలకలు 2,857 సేకరించి భద్రపరచింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది.

ఈ కథ ముగిసిన పిమ్మట ఆ విద్యార్థిని కెమెరా తీసుకొని, ఎండను పరికించి, తన ఊహ ప్రకారం చిత్రాలు తీసింది. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని చక్కగా వచ్చాయి. నల్లబడినవానినీ ఆమె దాచుకొన్నది. తప్పును గుర్తుంచుకొన్నవారికే కన్ను కుదురుతుందని మేము గ్రహించాము.