లెక్కల గుమాస్తా నుండి మహామంత్రి వరకు: గోలకొండ మాదన్న

చీపురుపల్లి తహశీల్దారు కార్యాలయానికి పనిమీద వచ్చే రైతుల మాటలను ఒక్కసారి గమనించండి. తహశీలు, కిస్తీ, బాకీ, వసూలు, రసీదు, దస్తావేజు – ఇవన్నీ అరబ్బీ, ఫార్సీ భాషల నుండి వచ్చి తెలుగు నేలలో వేళ్లూనిన పదాలు. పన్ను, కరణం, గుత్త వంటివి అంతకుముందే ఇక్కడ వాడుకలో ఉన్నవి. ఈ రెండు తెగల మాటలు ఒకే లెక్కల పుస్తకంలో ఇరుగుపొరుగుగా చేరిన కాలంలో, ఆ లెక్కలనే ఆసరాగా చేసుకొని ఒక సామాన్య గుమాస్తా రాజ్యాధికార శిఖరాన్ని అందుకున్నాడు. అతడే గోలకొండ మహామంత్రి మాదన్న. పన్నుల శాఖలలో జీవితాన్ని మలచుకోదలచిన విద్యార్థికి అతని చరిత్ర ప్రోత్సాహమూ అవుతుంది, హెచ్చరికా అవుతుంది.

మాదన్న మన సీమకు పరాయివాడు కాడు. ఆనాడు శ్రీకాకుళం సర్కారు గోలకొండ సుల్తానుల ఏలుబడిలోనిదే. వారి ఫౌజుదారు ఇక్కడ కొలువుండేవాడు. 1652లో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట పూసపాటివారు ఈ ప్రాంతానికి వచ్చి, కుమిలి, గండ్రేడు సీమలను గుత్తకు పొందినట్లు జిల్లా చరిత్రలు చెబుతున్నాయి. అనగా విజయనగర సంస్థానానికి తొలి పునాది కూడ ఒక పన్ను గుత్తయే.

మాదన్న హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు భానుజీ. అక్కన్న అతని సోదరుడు. ఆ కుటుంబానికి సంస్థానం లేదు, సైన్యం లేదు. ఉన్నదల్లా చదువు. గోలకొండ దివాణపు పత్రాలు ఫార్సీలోను, తెలుగులోను వ్రాయబడేవి. గ్రామంలో కరణం తెలుగులో వ్రాసిన లెక్క రాజధానికి చేరేసరికి ఫార్సీ దఫ్తరులోకి ఎక్కవలసి వచ్చేది. కనుక రెండు భాషలూ, గణితమూ తెలిసిన గుమాస్తా లేనిదే రాజ్యం నడిచేది కాదు. అటువంటి గుమాస్తాగా మాదన్న, సయ్యద్ ముజఫర్ అనే ప్రముఖ సర్దారు కొలువులో చేరాడు.

1672లో అబ్దుల్లా కుతుబ్‌షా మరణించగా, ముజఫర్ తోడ్పాటుతో ఆయన అల్లుడు అబుల్ హసన్ సింహాసనమెక్కాడు. తానాషాగా ప్రజలు ఎరిగిన సుల్తాను ఈయనే. ముజఫర్ మీర్ జుమ్లా, అనగా ప్రధానమంత్రి అయ్యాడు. కాని సింహాసనమెక్కించినవాడు ఆ సింహాసనాన్నే శాసింపజూచాడు. సుల్తాను లోలోపల విసిగిపోయాడు. అప్పుడు మాదన్న, ముజఫర్ అనుచరులను ఒక్కొక్కరినే సుల్తాను పక్షానికి త్రిప్పి, యజమానిని రక్తపాతం లేకుండ పదవీచ్యుతుని గావించాడు. 1674 నాటికి మీర్ జుమ్లా పీఠం అతనిదే అయింది. సూర్యప్రకాశరావు అనే బిరుదు లభించింది. తన్ను పైకి తెచ్చినవానినే పడద్రోసి పైకి వచ్చాడన్న మచ్చ మాత్రం మిగిలిపోయింది.

అతని చేతికి వచ్చిన ఖజానా చూడడానికి ఘనమైనది. కొల్లూరు వజ్రపు గనులు, మచిలీపట్నం రేవు సుంకాలు, కృష్ణా గోదావరీ మండలాల పంట – ఆదాయానికి కొదువ లేదు. అయితే 1636 నాటి ఒడంబడిక ప్రకారం మొగలు చక్రవర్తికి ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం కట్టవలసి ఉండేది. పన్నుల వసూలును గుత్తకిచ్చే పద్ధతి బలంగా పాతుకొని ఉండేది. ఎక్కువకు పాడినవాడు పరగణాను దక్కించుకొని, పాడిన సొమ్ముతో పాటు తన లాభాన్ని కూడ రైతునుండే రాబట్టేవాడు. బాకీ పడిన గుత్తదారునకు క్షమ లేదు. 1614లో మచిలీపట్నం అధికారి ఒకడు బాకీ చెల్లింపలేక బెత్తపు దెబ్బలకు ప్రాణాలు విడిచినట్లు ఆ కాలపు ఆంగ్ల వర్తకుడొకడు వ్రాసి ఉంచాడు. దెబ్బ గుత్తదారుని వీపున పడితే, దాని నొప్పి చివరకు రైతు గడపకు చేరేది.

ఈ ఖజానా బలంతోనే 1677లో శివాజీ హైదరాబాదుకు వచ్చినప్పుడు మాదన్న అతనితో సంధి కుదిర్చాడు. కర్ణాటక దండయాత్రకు గోలకొండ ధనసహాయం చేసింది. మరొకప్రక్క, ముఖ్యమైన పదవులలో అతడు తన బంధువులను నిలిపాడు. అమీరుల అసూయకు ఇది ఆజ్యమైంది.

అతని మేనల్లుడుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో రామాలయం కట్టించి చెరసాల పాలయ్యాడు. అతడే భక్త రామదాసు. లోకం అతని భక్తికి చేతులు జోడిస్తుంది, జోడింపవలసినదే. అయినా పన్నుల విద్యార్థి ఇందులో మరొక పాఠం చదువుకోవాలి. మేనమామ మహామంత్రి అయినా ఖజానా బాకీ మాఫీ కాలేదు.

1685లో మొగలు సేనలు హైదరాబాదును ఆక్రమించాయి. కప్పపు బకాయిలతో పాటు మాదన్న, అక్కన్నల తొలగింపును కూడ మొగలులు సంధి షరతుగా పెట్టారు. 1686 మార్చిలో స్వపక్షపు కుట్రదారులే ఆ సోదరులను గోలకొండ వీథిలో హతమార్చారు. ఆ బలితోనూ రాజ్యం నిలువలేదు. 1687 సెప్టెంబరులో కోట పడిపోయింది. సుల్తాను దౌలతాబాదు దుర్గంలో బందీగా కన్నుమూశాడు.

ఈ కథను మతకలహంగా చెప్పేవారు లేకపోలేదు. కాని ఆ బ్రాహ్మణ గుమాస్తాను నమ్మి పీఠమెక్కించినవాడు ముస్లిం సుల్తాను. ఆ సుల్తానును కూలద్రోసినవాడూ ముస్లిం చక్రవర్తియే. వారి మధ్య నడచినది అధికారపు లెక్క, కప్పపు లెక్క. ఉర్దూ, తెలుగు ఒకే కప్పుక్రింద చదువుకొనే మన విద్యార్థులు ఈ సంగతిని అందరికంటె ముందు గ్రహించగలరు.

మాదన్న నాడు యజమాని ఆశ్రయమే పదవికి ద్వారం. నేడు పరీక్షయే ద్వారం. ఏ పట్టభద్రుడైనా కేంద్ర సివిల్ సర్వీసుల పరీక్ష వ్రాసి రెవిన్యూ సర్వీసులో చేరవచ్చు. ప్రత్యక్ష పన్నుల అధికారులకు నాగపూరులో శిక్షణాలయమున్నది. కస్టమ్సు, పరోక్ష పన్నుల అధికారుల కోసం మన రాష్ట్రంలోనే పాలసముద్రం వద్ద 2024లో అకాడమీ ప్రారంభమైంది. స్టాఫ్ సెలక్షన్ పరీక్షలో నెగ్గినవారు ఇన్‌స్పెక్టరులు కావచ్చు. రాష్ట్ర సర్వీసు కమిషను వాణిజ్య పన్నుల శాఖకు దారి చూపుతుంది. చార్టర్డ్ అకౌంటెన్సీ, కాస్ట్ అకౌంటెన్సీ, న్యాయశాస్త్రం చదివినవారు స్వతంత్రంగా జీవింపవచ్చు. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పటి నుండి చిన్న దుకాణదారునకు సైతం లెక్క తెలిసినవారి అవసరం ఏర్పడింది.

మాదన్నను పైకి తెచ్చిన చదువు మన విద్యార్థులకు అందుబాటులోనే ఉన్నది. రైతు మాటా, దఫ్తరు మాటా రెండూ తెలిసినవాడే మంచి పన్నుల అధికారి. ఆనాడు గుత్తదారుని లెక్కలో రైతు ముఖం కనబడలేదు. ఈ పుస్తకాలను రేపు తెరవబోయే మీ లెక్కలో అది కనబడాలి.