బడి గోడ కట్టిన చేతులు
బిషప్ అజరయ్యగారి జీవితము, సంఘ పాఠశాల పెద్దల బాధ్యత

ధ్యాన భాగములు: నెహెమ్యా 3వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 6:1–7



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మనలో అనేకులు త్వరత్వరగా దాటిపోవుదురు. అందులో పేర్ల వెంబడి పేర్లే గదా అందురు. నిదానించి చదివినయెడల ఒక సంగతి తేటపడును. యెరూషలేము గోడ కట్టినవారందరు కూలికి వచ్చిన తాపీ పనివారు కారు. యాజకులు, కంసాలులు, పరిమళ ద్రవ్యములు చేయువారు, వర్తకులు ఆ పనిని పంచుకొనిరి. ఒక అధిపతి తన కుమార్తెలను కూడ వెంటబెట్టుకొని వచ్చెను. కొందరు తమ తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమునే బాగుచేసిరి. తెకోవ ఊరి ఘనులు మాత్రము ఆ పనికి లోబడలేదని కూడ అక్కడ వ్రాయబడియున్నది. పని చేసినవారి పేర్లు నిలిచినవి. చేయనివారి సంగతియు నిలిచినది.

మన సంఘ ప్రాథమిక పాఠశాల కూడ అట్టి గోడయే. దానిని ఎవరు కట్టవలెను? జీతము పుచ్చుకొను ఉపాధ్యాయులా? దూరముననున్న ఆఫీసా? లేక ఆ బడికి ఎదురుగా కాపురముండు మనమా? ఈ ప్రశ్నకు తన జీవితమంతటితో జవాబు చెప్పిన ఒక దైవజనుని చరిత్రను ఈ నెల ధ్యానించుదము.

మన విశాఖపట్టణమునకు 1805లో జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజి అను ఇద్దరు మిషనరీలు లండను మిషనరీ సొసైటీ పక్షమున వచ్చిరి. తెలుగు దేశమున ప్రొటెస్టంటు సువార్త పని ఆరంభించిన మొదటివారు వీరే. భాష నేర్చుకొనిరి, పిల్లలకు చదువు చెప్పించిరి, సువార్తలను తెలుగు చేయ పూనుకొనిరి. క్రాన్‌గారు 1809లోను, దెగ్రాంజిగారు 1810లోను మరణించిరి. వారి వెనుక ఇతరులు వచ్చి పనిని నిలువబెట్టిరి. అందుకు దేవునికి స్తోత్రము. అయినను ఆ భారము చాలకాలము సముద్రము దాటి వచ్చినవారి భుజముల మీదనే యుండెను. అది ఈ దేశపు సంఘము భుజముల మీదికి రావలెనని పాటుపడినవారిలో బిషప్ వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు ముఖ్యులు.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళ దేశములోని తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి ఆ గ్రామ సంఘ గురువు. తల్లి ప్రార్థనాపరురాలు, క్రమశిక్షణలో కుమారుని పెంచినది. ఆయన మిషను పాఠశాలలలో చదివి, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. 1895 మొదలు 1909 వరకు వై. యం. సి. ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆ తల్లి తరువాతి కాలమున తెలుగు గ్రామములలోని స్త్రీల మధ్య విస్తారముగా సేవచేసిరి.

1902లో అజరయ్యగారు సింహళములోని యాళ్పాణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ప్రయాసతో సువార్తికులను పంపుచుండుట చూచి, ఇంత పెద్దదైన తిరునెల్వేలి సంఘము ఇట్టి పని చేయలేకపోయెనే అని సిగ్గుపడిరి. ఆ సిగ్గు వ్యర్థము కాలేదు. 1903లో తిరునెల్వేలి ఇండియను మిషనరీ సొసైటీ పుట్టెను. మనుష్యులు, ధనము, నిర్వాహము, మూడును ఈ దేశపువారివే కావలెనని దాని నియమము. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించుటలోను ఆయన ముందుండిరి.

తిరునెల్వేలి సొసైటీ తన పనికి నైజాము రాజ్యములోని తెలుగు ప్రాంతమును ఏర్పరచుకొనెను. ఆ పనికి ఇతరులను పంపి తాను ఇంటనుండుట అజరయ్యగారికి తగదని తోచినది. 1909లో, ముప్పది అయిదేండ్ల ప్రాయమున, మంచి ఉద్యోగము విడిచి, గురుత్వాభిషేకము పొంది, దోర్నకల్లు వచ్చిరి. తెలుగు భాషను క్రొత్తగా నేర్చుకొనిరి. ఎడ్లబండి మీదను, సైకిలు మీదను గ్రామములు తిరిగిరి.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాటలాడిరి. మిషనరీల త్యాగమును ఒప్పుకొనుచునే, వారికిని ఇండియా క్రైస్తవులకును మధ్య స్నేహము కొరవడినదని దాచక చెప్పిరి. కొందరికి అది రుచింపలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తా కథీడ్రలులో ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఇండియా దేశస్థుడు బిషప్పగుట అదే మొదలు. ఈ దేశస్థునికి అంత భారము మోయు శక్తి గలదా అని సందేహించినవారు లేకపోలేదు. ముప్పదిరెండేండ్ల ఆయన సేవయే వారికి జవాబు.

ఆ అధ్యక్షమండలము మొదట చిన్నది. 1920 తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములును అందులో చేరినవి. 1912లో సుమారు 57 వేలుగానున్న క్రైస్తవుల సంఖ్య 1941 నాటికి సుమారు 2 లక్షల 25 వేలాయెను. క్రొత్తగా వచ్చినవారిలో అత్యధికులు ఊరి వెలుపల ఉంచబడిన మాల మాదిగ పేటలవారు. చెరువు నీళ్లకు, గుడి వాకిటికి, బడి గడపకు దూరముగా త్రోయబడినవారు. అట్టి పేటలో ఒక పాక లేచి, అందులో పిల్లలు అక్షరములు దిద్దుట ఎంత గొప్ప సంగతియో, ఆ తాతల మనుమలమైన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ బడిలో ఉపాధ్యాయుడే ఉపదేశి కూడ. పగలు పిల్లలకు చదువు, రాత్రి కూలి నుండి వచ్చిన పెద్దలకు పాఠము, ఆదివారము ఆరాధన. ఉపాధ్యాయుని భార్య స్త్రీలకు నేర్పును. ఇద్దరి పని అది. అయితే ఆ ఇద్దరే అన్నియు చేయజాలరు. పాకకు ఏటేట గడ్డి కప్పవలెను. పశువులు కాయ పోవు పిల్లవానిని బడికి పంపుమని తండ్రిని ఒప్పించవలెను. ఉపాధ్యాయుని ఇంట గింజలున్నవో లేవో చూడవలెను. అది ఊరి క్రైస్తవుల పని. బీదవారు గదా, వీరేమి ఇయ్యగలరని అజరయ్యగారు తలంచలేదు. ఇచ్చుట నేర్వని సంఘము ఎదుగదని ఆయన నమ్మిరి. క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. తల్లులు ఎసరు పెట్టునపుడు పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచిరి. కోతకాలపు పండుగలో ధాన్యము, కోళ్లు, కూరగాయలు పీఠము ముందుకు వచ్చినవి.

సంఘ పెద్దల పంచాయతీలను ఆయన బలపరచిరి. జీతము లేని ఆ పెద్దలు తగవులు తీర్చిరి, కానుకలకు లెక్క చెప్పిరి. ఏటేట సాక్ష్య వారము ఏర్పరచి, సామాన్య విశ్వాసులు తమ పని మాని ఊరూర సువార్త చెప్పునట్లు చేసిరి. దినకూలి మీద బ్రదుకువారు కూడ అందు పాల్గొనిరి. 1930 తరువాతి ఆర్థిక మాంద్యములో విదేశ సహాయము తగ్గినప్పుడు, ఇచ్చుట నేర్చిన సంఘములకు ఆ అలవాటే ఆధారమాయెను.

పెద్దరికమున్నచోట శోధనయు ఉండును. కుల గర్వము సంఘములోనికి రాకూడదని ఆయన గట్టిగా నిలిచిరి. క్రమము తప్పినవారిని గద్దించిరి. కఠినుడని కొందరు అనుకొనిరి. కాని తాను మోయని బరువును ఇతరుల మీద మోపలేదు. ఇరువదియైదేండ్ల కాలము పట్టిన దోర్నకల్లు కథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. గుడి, మసీదు, దేవాలయముల శిల్పము అందులో కలిసియున్నది. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆయన కోరిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. దానిని ఆయన కన్నులార చూడలేదు.

ఇప్పుడు మన సంగతికి వత్తము. మన తీరమున కాలము మారినది. 1933లో విశాఖ రేవు తెరువబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. దాని నిమిత్తము ఎన్నో కుటుంబములు తమ పల్లెలు విడిచినవి. భూమి పోయిన యింటివానికి మిగులు ఆస్తి చదువే. ఆ చదువుకు పునాది ప్రాథమిక పాఠశాలలో పడును.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలలకును, సహాయము పొందు పాఠశాలలకును యాజమాన్య కమిటీ ఉండవలెననుచున్నది. అందు నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులు కావలెను. సగము మంది స్త్రీలు కావలెను. మైనారిటీలు స్థాపించి నడుపు పాఠశాలలలో ఈ కమిటీ సలహా మాత్రమే చెప్పవలెనని 2012 సవరణ నిర్ణయించెను. దీని భావమేమి? సంఘ పాఠశాల నిర్వాహ భారము సంఘము మీదనే నిలిచినది. హక్కు మనది గనుక లెక్క చెప్పవలసినవారమును మనమే.

పాఠశాల కమిటీలో కూర్చుండు సహోదర సహోదరీలు మూడు సంగతులు మరువకుందురు గాక. మొదటిది, పాఠము చెప్పుట ఉపాధ్యాయుని పని; దానికి అడ్డుపడక, కావలసినది సమకూర్చుట మన పని. యెరూషలేము సంఘము ఏడుగురిని ఏర్పరచినది వాక్యపరిచర్యకు ఆటంకము లేకుండుటకే గదా. రెండవది, రూపాయి వచ్చినను పోయినను పుస్తకములో వ్రాయవలెను, సంఘము ఎదుట చదువవలెను. మన అల్లునికి ఉద్యోగము, మన బావమరిదికి కంట్రాక్టు అను తలంపుతో ఆ కుర్చీలో కూర్చున్నవాడు గోడ కట్టుటలేదు, ఇటుకలు పెరుకుచున్నాడు. మూడవది, బడికి రాని బిడ్డ పేరు మనకు తెలియవలెను. ఆ యింటికి వెళ్లి అడుగుట ఏ ఆఫీసువలనను కాదు. ఎదురింటివాని వలననే అగును.

అక్షరము రానివాడను, నేనేమి చేయగలనని ఎవరును వెనుదీయవద్దు. పిడికెడు బియ్యము తీసియుంచిన తల్లులలో చదివినవారెందరు? బడి అరుగు ఊడ్చుట, త్రాగునీటి కుండ చూచుట, నెలకొక సాయంకాలము కమిటీకి వచ్చుట, ఇవి చదువు లేకున్నను చేయగలము.

ఈ నెల ప్రతి సంఘములోను ఆరాధన తరువాత పెద్దలు ఒక్కసారి బడి చుట్టు నడిచి చూడుడి. మీ యింటికి ఎదురుగానున్న గోడ ఎక్కడ బీటవారినదో మీకే కనబడును.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా పితరులకు అక్షరపు వెలుగునిచ్చినందుకు నీకు స్తోత్రము. మా బిడ్డల బడిని మాదిగా ఎంచి, జీతము కోరక, పేరు కోరక, నమ్మకముగా మోయు పెద్దలను మా సంఘములలో లేపుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.