విమానవనిత ఎమీ జాన్సన్

లండను సమీపమందలి క్రాయిడన్ విమానాశ్రయమునుండి ఆస్ట్రేలియా ఖండపు ఉత్తరతీరమున నున్న డార్విన్ పట్టణమునకు నాటి విమానమార్గమున సుమారు 11,000 మైళ్లు. 1930వ సంవత్సరమున ఈ దూరమును ఒంటరిగా గడచిన మొట్టమొదటి స్త్రీ ఎమీ జాన్సన్.

ఈమె 1903వ సంవత్సరము జూలై 1వ తేదీన ఇంగ్లండునందలి హల్ రేవుపట్టణమున జన్మించెను. తండ్రి చేపల వర్తకుడు. షెఫీల్డు విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలై, లండనున ఒక న్యాయవాదియొద్ద ఉద్యోగమున కుదిరెను. తీరిక వేళలందు విమానము నడుపుట నేర్చెను. అంతటితో తృప్తినొందక, చేతులకు మసియంటునట్లు యంత్రశాలలో పాటుపడి, 1929లో విమానములను మరమ్మతుచేయు అనుజ్ఞాపత్రమును బడసెను. బ్రిటిషు స్త్రీలలో అట్టి పత్రమును పొందిన ప్రథమురాలు ఈమెయే. ఈ రెండవ విద్యయే ఆమెను గమ్యము చేర్చినదని నా తలంపు.

తండ్రియు, వేక్‌ఫీల్డు ప్రభువును ధనసహాయము చేయగా, 600 పౌనులకు ఒక పాత జిప్సీ మాత్ విమానమును కొని, దానికి జేసన్ అని పేరిడెను. దాని వేగము గంటకు సుమారు 85 మైళ్లు. అంతకుమున్ను ఆమె చేసిన మిక్కిలి దూరపు ప్రయాణము లండను నుండి హల్ వరకే. అది సుమారు 150 మైళ్లు. విద్యార్థులు 11,000ను 85చే భాగించి చూతురుగాక! 130 గంటలైనను కావు. అయినను బెర్టు హింక్లరునకు 1928లో ఈ మార్గమున 15½ దినములు పట్టెను. ఆ గడువును తగ్గింపవలెనని ఎమీ సంకల్పము.

మే 5వ తేదీన బయలుదేరెను. బాగ్దాదు త్రోవలో ఇసుకతుఫాను క్రమ్ముటచే ఎడారిలో దిగవలసివచ్చెను. దిగినచోటనెల్ల ఇంజనును తానే శుభ్రపరచుకొనుచుండెను. కరాచీ చేరునప్పటికి హింక్లరుకంటె రెండు దినములు ముందుండెను. ఝాన్సీయొద్ద పెట్రోలు చాలక కవాతు మైదానమున దిగెను. పిమ్మట కలకత్తా మీదుగా రంగూను దిక్కునకు సాగెను.

రంగూను నాడు మన తీరమునుండి వేలకొలది తెలుగువారు పొట్టకూటికై ఓడలెక్కి చేరిన పట్టణము. అచట పందెపు మైదానమున దిగవలసినది, వర్షములో గుర్తింపలేక, చేరువనున్న ఇన్‌సేన్‌లో ఒక ఆటస్థలమున దిగి గోతిలో పడెను. రెక్క చినిగెను, ప్రొపెల్లరు విరిగెను, చక్రముల చట్రము చెడెను. అచటి సాంకేతిక విద్యాలయమువారు పనిముట్లతో వచ్చి సాయపడిరి. రెక్కకు గుడ్డ ఎక్కడిది? మొదటి మహాయుద్ధమున మిగిలిన విమానపు గుడ్డతో కుట్టిన చొక్కాలు ఆ యూరిలో నుండగా, వానిని విప్పి అతికిరి. ఆమె వెంట తెచ్చుకొన్న రెండవ ప్రొపెల్లరును బిగించిరి. మూడు దినములు గడచెను. పందెము అచటనే చేజారెను గాని విమానము మరల లేచెను.

బాంకాకు, సింగపూరు, జావాలను గడచి, తైమూరు సముద్రమును దాటి, మే 24వ తేదీన డార్విన్‌లో దిగెను. పట్టిన కాలము 19½ దినములు. హింక్లరును మించలేదు; అయినను ప్రజల ఆనందమునకు మేర లేకపోయెను. 2018లో లండను, పెర్త్ నగరముల నడుమ ఆరంభమైన విమానము సుమారు 9,000 మైళ్లను ఎక్కడను దిగక 17 గంటలలో గడచినది.

1932లో ఆమె కేప్‌టౌనునకు ఒంటరిగా ఎగిరి, ఆ మార్గమున అందరికంటె తక్కువ కాలమున చేరెను. రెండవ మహాయుద్ధమున సైన్యపు విమానములను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చు సంఘమున పనిచేసెను. 1941 జనవరి 5వ తేదీన బ్లాక్‌పూలునుండి ఆక్స్‌ఫర్డు సమీపమునకు బయలుదేరెను. దూరము సుమారు 150 మైళ్లు, గంటసేపటి పని. మేఘములు క్రమ్మియుండెను. మూడు గంటలు దాటినపిమ్మట, త్రోవకు ఎంతో దూరమున, థేమ్సు నదీముఖమున ఆమె పారాచూటుతో నీటబడుట ఒక యుద్ధనౌకవారు చూచిరి. ఆ నౌకాధిపతి వాల్టరు ఫ్లెచరు మంచువంటి నీటిలోనికి దుమికెను. ఆయనయు బ్రతుకలేదు. ఎమీ దేహము దొరకలేదు.