మూగజీవికి గొంతునిచ్చిన మార్షల్ సాండర్స్

టొరంటో నుంచి కారులో రెండున్నర గంటలు వెళితే జార్జియన్ బే ఒడ్డున మీఫర్డ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ ఒక కుక్క పేరు మీద పార్కు ఉంది. దాని పేరు బ్యూటిఫుల్ జో పార్కు. వేసవిలో ఆ వైపు వెళ్లే మన కుటుంబాలు పిల్లలతో కాసేపు ఆగి చూడదగ్గ చోటు. ఆ కుక్క పేరు ప్రపంచమంతా తెలిసేలా చేసిన రచయిత్రి మార్గరెట్ మార్షల్ సాండర్స్.

ఆమె 1861లో నోవా స్కోషియాలోని మిల్టన్‌లో పుట్టారు. తండ్రి బాప్టిస్టు పాస్టర్. ఆమె చిన్నతనంలోనే కుటుంబం హాలిఫాక్స్‌కు మారింది. చదువు కోసం ఎడిన్‌బరోకు, తర్వాత ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్‌కు వెళ్లారు. తిరిగి వచ్చాక కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పారు. 1889లో తొలి నవల వెలువడింది గానీ పెద్దగా పేరు రాలేదు.

ఆ రోజుల్లోనే ఆమె సోదరుడికి మీఫర్డ్‌లోని మూర్ కుటుంబంతో సంబంధం కుదిరింది. చూడటానికి వెళ్లిన సాండర్స్‌కు ఆ ఇంట్లో జో కనిపించింది. పాత యజమాని దాన్ని హింసించి, చెవులు, తోక కోసేశాడు. ఇక బతకదనుకున్న స్థితిలో మూర్ కుటుంబం దాన్ని కాపాడి ఇంటికి తెచ్చుకుంది. గాయాలు మానాయి, మనిషి మీద నమ్మకం మళ్లీ కలిగింది. చెవులు, తోక మాత్రం తిరిగి రాలేదు. అలాంటి రూపం ఉన్న కుక్క పేరులో అందం చేరింది.

అప్పట్లో అమెరికన్ హ్యూమేన్ ఎడ్యుకేషన్ సొసైటీ జంతువుల పట్ల దయను బోధించే కథలకు పోటీ పెట్టింది. గుర్రం తన కథ తానే చెప్పే బ్లాక్ బ్యూటీ నవల అప్పటికే ఇంటింటా చదువుతున్నారు. సాండర్స్ అదే దారిలో జో చేత దాని కథ చెప్పించారు. పోటీ అమెరికాది కాబట్టి కథను మీఫర్డ్ నుంచి మెయిన్ రాష్ట్రానికి మార్చారు. ఆడవాళ్ల రాతలను తేలిగ్గా తీసుకునే కాలం కావడంతో మార్గరెట్ అన్న పేరు వదిలేసి, మగవాడి పేరులా వినిపించే మార్షల్ సాండర్స్ అని పెట్టుకున్నారు. అలా కుక్క తన గొంతుతో మాట్లాడింది, రచయిత్రి మాత్రం తన పేరు దాచుకోవాల్సి వచ్చింది.

1893లో ఆ రచనకు బహుమతి వచ్చింది. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైన తొలి కెనడా పుస్తకంగా బ్యూటిఫుల్ జో నిలిచింది, ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆ తర్వాత కూడా ఆమె జంతువులు, పక్షుల మీద రాస్తూనే ఉన్నారు. ఊరూరా తిరిగి ప్రసంగించారు. 1914లో టొరంటోలో స్థిరపడి, ఇంటినిండా పక్షులను, జంతువులను పెంచుకున్నారు. 1934లో బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం సీబీఈ దక్కింది. 1947 ఫిబ్రవరి 15న టొరంటోలోనే కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు.

జోకు జరిగినంత క్రూరత్వం మన కళ్ల ముందు అరుదు. కానీ అంత కనబడని హింస ఒకటుంది. చిన్నప్పుడు మా ఇంట్లోనూ వాకిట్లో వేపచెట్టుకు కట్టేసిన కుక్క ఉండేది. రెండు పూటలా అన్నం పెడుతున్నాం కదా, బాగానే చూస్తున్నాం అనుకునేవాళ్లం. గొలుసు రాసుకుని దాని మెడ మీద వెంట్రుకలు రాలిపోయినా ఎవరమూ పట్టించుకోలేదు. దాని కథ అది చెప్పుకోలేదు, మేమూ అడగలేదు.

నిజానికి మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారమే, ఎప్పుడూ గొలుసుకు కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం నేరం. ఇక్కడ ఒంటారియోలో 2020 నుంచి కొత్త జంతు సంక్షేమ చట్టం అమల్లో ఉంది. బయట కట్టేసే కుక్క తాడు కనీసం 3 మీటర్లు ఉండాలని నిబంధన. పక్కింటి పెరట్లో కుక్క మంచులో వణుకుతూ కనిపిస్తే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లకు చెప్పవచ్చు.

ఈసారి ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు, అమ్మానాన్నల ఆరోగ్యం అడిగాక, గేటు దగ్గర కట్టేసిన కుక్క సంగతీ ఒకసారి అడుగుదాం. సాయంత్రం కాసేపు విప్పి తిప్పమని చెబుదాం.