గుండ్రటి గింజలో దాగిన ముడత

తలసీమియా బిడ్డను ఒళ్లో పెట్టుకుని తల్లి మా ఓపీలో కూర్చుంటుంది. పక్కన ఒక పెద్దావిడ ఉంటుంది. మా ఇంటా వంటా లేని జబ్బు వీడికి ఎక్కణ్నుంచి వచ్చిందని అడుగుతుంది. అడిగేది నన్నే, చూపు మాత్రం కోడలి వైపు. ఈ ప్రశ్న మీ ఇంట్లోనో, మీ చుట్టాల ఇంట్లోనో ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. దానికి జవాబు నూట అరవై ఏళ్ల కిందట ఒక క్రైస్తవ మఠం పెరట్లో దొరికింది. కనుక్కున్నది గ్రెగర్ మెండెల్. మీ పిల్లల పదో తరగతి పుస్తకంలో బఠానీ మొక్కల పక్కన కనిపించే సన్యాసి ఆయనే.

మెండెల్ 1822లో అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఒక పల్లెలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. తండ్రి చిన్న రైతు. చెట్టు మీద పడి నడుం దెబ్బతిన్నాక ఆయన పొలం పని సరిగా చేయలేకపోయాడు. కొడుకు చదువు ఆగిపోయేదే, చెల్లెలు థెరీసియా తన కట్నం సొమ్ములో కొంత అన్నకు ఇచ్చింది. అయినా తిండికీ ఫీజులకూ కష్టమే. చివరికి 1843లో బ్రనో నగరంలోని సెయింట్ థామస్ మఠంలో చేరాడు. చదువుకోవడానికి అప్పట్లో పేదవాడికి అది ఒక దారి.

మఠంలో ఆయనకు రోగులను పరామర్శించే పని ఇచ్చారు. వాళ్ల బాధ చూసి తట్టుకోలేక తానే జబ్బుపడ్డాడు. (కొత్తగా డ్యూటీలో చేరిన హౌస్ సర్జన్లలో ఇలాంటివాళ్లను నేనూ చూశాను. వాళ్ల మీద నాకు గౌరవమే.) మఠాధిపతి అర్థం చేసుకుని ఆయన్ను బడి పంతులుగా పంపాడు. పర్మనెంట్ టీచరు కావడానికి రాసిన పరీక్ష 1850లో తప్పాడు. వియన్నా యూనివర్సిటీలో చదివి వచ్చి 1856లో మళ్లీ ప్రయత్నించాడు, అదీ కుదరలేదు. బఠానీలు నాటడం మొదలుపెట్టింది ఆ ఏడాదే.

తోట పెద్దదేమీ కాదు, పొడవు 35 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. అందులో ఎనిమిదేళ్లపాటు దాదాపు 28 వేల మొక్కలు పెంచాడు. గుండ్రటి గింజల రకం పువ్వులో కేసరాలు ముదరకముందే తీసేసి, ముడతల గింజల రకం పుప్పొడి అద్ది, వేరే పుప్పొడి పడకుండా సంచి కట్టేవాడు. ఆ సంకరంలో వచ్చిన గింజలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. ముడత మాయమైందనే ఎవరైనా అనుకుంటారు. మెండెల్ వాటిని నాటి, తమలో తాము ఫలదీకరణ చెందనిచ్చాడు. 253 మొక్కల నుంచి 7,324 గింజలు వచ్చాయి. కూర్చుని లెక్కపెట్టాడు. గుండ్రటివి 5,474, ముడతలవి 1,850. అంటే ఇంచుమించు మూడుకు ఒకటి. ఒక తరంలో జాడ లేని ముడత తర్వాతి తరంలో మళ్లీ బయటపడింది.

ప్రతి లక్షణానికీ రెండు ప్రతులు ఉంటాయనీ, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుందనీ ఆయన గ్రహించాడు. వాటినే మనం ఇప్పుడు జన్యువులు అంటున్నాం. ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపించేది బహిర్గత లక్షణం. రెండు ప్రతులూ అదే అయితేనే కనిపించేది అంతర్గత లక్షణం. కంటికి కనిపించేది దృశ్యరూపం, లోపల ఉన్న జత జన్యురూపం. పరీక్షల కోసం పిల్లలు బట్టీపట్టే ఈ మాటలన్నీ ఆ గింజల లెక్కలోంచి వచ్చినవే.

నాకు ఇంకా ముఖ్యంగా అనిపించేది ఆ తర్వాతి ఏడాది పని. రెండో తరంలోని గుండ్రటి గింజలనే నాటి 565 మొక్కలు పెంచాడు. వాటిలో 193 మొక్కలకు గుండ్రటి గింజలే కాశాయి. మిగిలిన 372 మొక్కలకు రెండు రకాలూ కాశాయి. చూడటానికి ఒకేలా ఉన్న గింజల్లో మూడింట రెండు వంతులు లోపల ముడతను మోస్తున్నాయన్నమాట. ఆస్పత్రి భాషలో అలాంటివాళ్లను వాహకులు అంటాం. మీలో కొందరు రిపోర్టు మీద తలసీమియా ట్రెయిట్ అన్న మాట చూసి ఉంటారు, అదే ఇది.

1865లో బ్రనోలోని సైన్సు సంఘం ముందు ఈ ఫలితాలు చదివాడు. మరుసటి ఏడాది అచ్చయ్యాయి. పట్టించుకున్నవాళ్లు లేరు. 1868లో మఠాధిపతి అయ్యాక మొక్కలకు తీరిక దొరకలేదు, ప్రభుత్వంతో పన్నుల గొడవే సరిపోయింది. చెల్లెలి రుణం మాత్రం మరిచిపోలేదు. ఆమె కొడుకులను చదివించాడు, వాళ్లలో ఇద్దరు డాక్టర్లయ్యారు. 1884 జనవరి 6న కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు విడివిడిగా ఇదే సూత్రానికి వచ్చి, వెతికితే మెండెల్ వ్యాసం బయటపడింది. రెండేళ్లకే లండన్ డాక్టర్ ఆర్చిబాల్డ్ గారడ్, మూత్రం నల్లబడే ఆల్కాప్టోన్యూరియా అనే జబ్బు ఇదే పద్ధతిలో వస్తోందని రాశాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఆరోగ్యవంతులు, దగ్గరి రక్తసంబంధీకులు. మేనరికాలు మనకు కొత్త కాదు కాబట్టి ఈ సంగతి మనకు దగ్గరగా తగులుతుంది. ఒకే తాత నుంచి దిగిన లోపం రెండు వైపుల నుంచీ ఒకే బిడ్డను చేరే అవకాశం అక్కడ ఎక్కువ.

అన్ని లక్షణాలూ బఠానీ అంత సూటిగా ఉండవు. ఎత్తు, ఒంటి రంగు, షుగర్, బీపీల వెనక చాలా జన్యువులు, తిండి, జీవన విధానం కలిసి ఉంటాయి. బీటా తలసీమియా మాత్రం మెండెల్ లెక్కకు బాగా సరిపోతుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగో వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోకండి. లెక్క ప్రతిసారీ మొదటి నుంచే.

గింజల్ని నాటి చూడాల్సి వచ్చింది ఆయనకు. మనకు ఒక రక్తపరీక్ష చాలు. సీబీసీలో ఎర్రకణాలు మరీ చిన్నవిగా కనిపిస్తే, ఐరన్ మాత్రలతో సరిపెట్టుకోకుండా హెచ్‌పీఎల్‌సీ చేయించమని అడగండి. పెళ్లికి ముందైతే మంచిది, లేదంటే గర్భం వచ్చిన తొలి వారాల్లోనే. ఇద్దరూ వాహకులని తేలితే కడుపులోని బిడ్డకు పరీక్ష చేసే వీలుంది. ఆ బిడ్డ ఆరోగ్యంగా ఉన్న అక్కకు వాహకురాలయ్యే అవకాశం మూడింట రెండు వంతులు, మెండెల్ గుండ్రటి గింజల లెక్కే. పెళ్లి వయసు వచ్చాక ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలి.

ఇదంతా విన్నాక ఆ పెద్దావిడ తన కొడుకుకి ఆ ప్రతి ఎవరి నుంచి వచ్చిందని అడుగుతుంది. ఆమె నుంచో, ఆమె భర్త నుంచో అని చెప్పి, ఇద్దరికీ పరీక్ష రాసిస్తాను. కొడుకు తోబుట్టువులకు కూడా.